మరక కోసం కొన్న కారు

మరకలాయనకు పేరు లేకపోలేదు. లాండ్రీ బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో రాయించుకున్నాడు కూడా. కానీ అందరి బట్టల రంగులూ కాపాడే మనిషి తన బోర్డును మాత్రం ఎండకు వదిలేశాడు. అక్షరాలు వెలిసిపోయాయి. పేరు పోయి మరకలాయన మిగిలాడు.

లాండ్రీ వీధి మలుపులో ఉంది. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో ఇస్త్రీ బల్ల, ఎప్పుడూ ఉడుకుతూ ఉండే పెద్ద బాన. ఆ వెనక రేకుల షెడ్డు. అందులో ఈ గోడ నుంచి ఆ గోడకు తాళ్లు. వాన పడే రోజుల్లో వీధి వీధంతటి దుప్పట్లూ ఆ తాళ్ల మీదే ఆరతాయి.

మనిషి మంచివాడు, పనిలో దిట్ట. ఒకటే జబ్బు. బట్ట మీద మరక కనిపిస్తే అది ఎక్కడిదో తెలుసుకునేదాకా కడుపు ఉబ్బరంగా ఉంటుంది. కాలరు వాసన చూస్తాడు, గోటితో గీకుతాడు, మరీ అంతుబట్టకపోతే నాలిక్కి అంటిస్తాడు. "ఇది ఎలా పడిందండీ?" అని అడుగుతాడు. అడక్కపోతే ఏ మందు వెయ్యాలో ఎలా తెలుస్తుంది, అది వృత్తిధర్మం అంటాడు. వాళ్లావిడ దానికి వేరే పేరు పెట్టింది. కుతి అంటుంది.

ఆ కుతి వల్ల ఖాతాదారులు పోయిన సందర్భాలున్నాయి. ఒక పెద్దమనిషి ప్యాంటు చూసి, ఆయన భార్య పక్కనే నిలబడి ఉండగా, "ఇది చెరువుగట్టు బురద కదా సార్, చేపల వాసన కూడా ఉంది. ఆఫీసులో ఎక్కడ తగిలింది?" అని అమాయకంగా అడిగాడు. ఆ పెద్దమనిషి ఆఫీసు ఎగ్గొట్టి గేలం వేసుకు కూర్చున్న సంగతి అప్పటిదాకా చేపలకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడాయన బట్టలు పక్కవీధి లాండ్రీకి వెళుతున్నాయి.

అలాంటి మనిషి కౌంటరు మీదికి ఒకరోజు కుర్చీలాయన భార్య ఒక కొండంత కాన్వాసు గుడ్డను తోపుడుబండి మీద వేయించుకొచ్చి దింపింది.

కుర్చీలాయన పోయి ఏడాది అవుతోంది. ఆయన చేసిన కుర్చీ లేని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. అయితే ఆయన పద్ధతే వేరు. కుర్చీ కావాలంటే ఎవరు కూర్చుంటారో ఆ మనిషిని తీసుకురమ్మనేవాడు. నిలబెట్టి, కూర్చోబెట్టి, మోకాలి ఎత్తూ నడుము వంపూ టేపుతో కొలిచేవాడు, దర్జీ కొలిచినట్టు. ఒక మనిషికి చేసిన కుర్చీ ఇంకో మనిషికి పనికిరాదు. మాటలు మాత్రం బహు తక్కువ. కొలతలు చెప్పడానికి తప్ప నోరు విప్పడని పేరు.

"ఏం గుడ్డ పెద్దమ్మగారూ ఇది?" అన్నాడు మరకలాయన.

"కారు కవరు బాబూ. ఉతికిపెట్టు. షెడ్డు ఖాళీ చేస్తున్నా. పాతసామానువాడు వచ్చి నా సవతిని పట్టుకుపోతానన్నాడు."

"సవతా?"

"కారే. ఆయన సగంలో వదిలేసిన పాత కారు. పగలు కుర్చీలు, సాయంత్రాలు దాంతో కాపురం. నాతో మాట్లాడిందానికన్నా దాంతోనే ఎక్కువ మాట్లాడి ఉంటాడు. సవతి కాక ఇంకేమంటారు దాన్ని?"

మరకలాయన సగమే విన్నాడు. ఆయన కళ్లు అప్పటికే కాన్వాసు మీద ఒకచోట అతుక్కుపోయాయి. నూనె మరకలున్నాయి, గ్రీజు ఉంది, వాటిని ఆయన లెక్కచేయలేదు. వాటి మధ్య తేనెరంగులో, అంచు నల్లబడి, అరచేతి వెడల్పున ఇంకొకటుంది. వాసన చూశాడు. గీకాడు. పెద్దావిడ చూస్తుండగానే నాలుక తగిలించాడు.

"లక్క పాలిష్," అన్నాడు. "చెక్కకు వేసేది. కారు దగ్గర చెక్క పాలిష్‌కి ఏం పనమ్మా?"

"నన్నడిగితే? ఆయన్నడగాలి. ఉన్నప్పుడే అడిగినా చెప్పే రకం కాదు. ఇప్పుడు మరీనూ."

ఆ సాయంత్రం మరకలాయన ఉతికిన కవరు ఇచ్చే నెపంతో పెద్దావిడ ఇంటికి వెళ్లాడు. నెపం అని ఎందుకంటున్నానంటే, కవరు ఇంకా తడిగానే ఉంది.

ముందు గదిలో అన్నీ కుర్చీలే. ఎదురుగా ఉన్న దాంట్లో కూర్చోబోయి, కూర్చుని, ఇరుక్కున్నాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

"అది నా కుర్చీ బాబూ," అంది పెద్దావిడ. ఆవిడ పొట్టి మనిషి, మరకలాయన భుజం దాకా రాదు. "ఇందులో కూర్చో, ఇది ఆయనది."

అది ఇంకా అన్యాయం. కుర్చీలాయన తాడిచెట్టంత మనిషి. మరకలాయన కాళ్లు నేలకందక గాల్లో ఊగుతున్నాయి. ఆ ఇంట్లో మూడో మనిషికి కుర్చీ లేదు. పిల్లల కుర్చీలు పిల్లల ఇళ్లకు వెళ్లిపోయాయి. ఇక నిలబడే కాఫీ తాగి, నిలబడే షెడ్డులోకి నడిచాడు.

కారు గుండ్రటి దీపాలతో, బొద్దు బుగ్గలతో నిండుగా ఉంది. పైరంగు సగం వరకే వేసి ఉంది. తలుపులు గోడకు ఆనించి ఉన్నాయి. లోపల ఏమీ లేదు, ఉత్త రేకు. కానీ గోడవారగా బల్లల మీద గుడ్డమూటలు, రకరకాల రంగుల గుడ్డల్లో చుట్టి దారంతో కట్టినవి, పెద్దవీ చిన్నవీ, వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్క మూటలో ఒక్కొక్క భాగం, దాని నట్లతో బోల్టులతో సహా.

"ఇంత శ్రద్ధగా చేసినాయన మధ్యలో ఎందుకు ఆపాడమ్మా?"

పెద్దావిడ చీపురు తీసుకుని అక్కర్లేని చోట ఊడ్చింది.

"నువ్వు కొంటానికొచ్చావా, కూపీలు లాగడానికొచ్చావా?"

మరకలాయన కొనడానికి రాలేదు. కానీ ఆ ప్రశ్నకు జవాబుగా నోటివెంట వచ్చిన మాట మాత్రం "కొంటాను" అనే. ఎలా వచ్చిందో ఈనాటికీ ఆయనకు తెలియదు.

"అయితే ఒక షరతు," అంది ఆవిడ, చీపురు పక్కన పెట్టి. "ఇది పూర్తి చెయ్యాలి. పూర్తయ్యాక అందరికన్నా ముందు నేను ఎక్కాలి. నీ పెళ్లాం కాదు, నువ్వూ కాదు. నేను కూర్చున్నాకే ఎవరైనా. మాటిస్తే పట్టుకెళ్లు, లేదా పాతసామానువాడు ఉండనే ఉన్నాడు."

మరకలాయన గుండెల మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. లాండ్రీవాడి మాట చిన్నది కాదు. ఇవ్వాళ ఇస్తానన్న బట్ట ఇవ్వాళ ఇవ్వకపోతే అవతల ఒకాయన ఇంటర్వ్యూకి లుంగీతో వెళ్లాలి. ఇన్నేళ్లలో ఒక్క బట్టా తప్పలేదు, ఒక్క బట్టా మారలేదు. ఎవరిది వాళ్లకు చేరేలా ప్రతి కాలరుకూ ఒక్కో రంగు దారం కడతాడు. ఆ దారాలే ఆయన పరువు.

ఇంటికొచ్చి చెప్పగానే వాళ్లావిడ ఇస్త్రీ పెట్టె నిలువుగా పెట్టింది. అది మంచి సూచన కాదు.

"కారా?"

"పాతది."

"మీకు డ్రైవింగే రాదుగా."

ఆ సంగతి మరకలాయనకు అప్పుడే గుర్తొచ్చింది. డెలివరీ వ్యాను నడిపేది వాళ్లావిడ. ఆయన పక్కన కూర్చుని మూటలు పట్టుకుంటాడు. ఒకసారి నేర్చుకోబోయి మునిసిపాలిటీ వాళ్ల గేటును ముద్దు పెట్టుకున్నాక ఆ ప్రస్తావన రాలేదు.

"అసలు ఎందుకు కొన్నారండీ?"

"అక్కడ ఒక మరకుంది," అని మొదలుపెట్టి, ఆవిడ మొహం చూసి, ఆపేశాడు.

"మరక కోసం కారు కొన్న మొగుణ్ని ఇంకెక్కడా చూళ్లేదు నేను," అని ఇస్త్రీ పెట్టె మళ్లీ ఎత్తింది. "దాన్నెక్కడ పెడతారు? షెడ్డులోనా? వానొస్తే దుప్పట్లు మీ మీద ఆరేస్తా."

ఆవిడ తమ్ముడు మెకానిక్కు. కారును తాడు కట్టి లాక్కొచ్చింది అతనే. చుట్టూ తిరిగి చూసి, తల పంకించి, మూటలన్నీ షెడ్డులో ఒక పక్కన పేర్పించాడు.

"బావా, రేకు బాగుంది, ఇంజను ప్రాణంతోనే ఉంది. బిగించడమే పని. నేను ఊరెళ్లి నాలుగురోజుల్లో వస్తా. ఈలోపు ఈ సామాను ముట్టుకోకు. ఒక్క నట్టు కూడా. నీ గురించి నాకు తెలుసు."

"నేనెందుకు ముట్టుకుంటాను రా?" అన్నాడు మరకలాయన నొచ్చుకుని.

నిజంగానే ఆయన సామాను ముట్టుకోలేదు. గుడ్డలనే ముట్టుకున్నాడు.

ఆయన బాధ మనం కూడా అర్థం చేసుకోవాలి. జీవితమంతా తెల్లగా ఉంచుకున్న షెడ్డులో నూనె ఓడుతున్న మురికి గుడ్డలు గుట్టగా పడున్నాయి. ఒకరోజు ఓర్చుకున్నాడు. మర్నాడు ఒకటి విప్పి చూశాడు, పూల గుడ్డ, మంచి నేత. పాపం అనిపించింది. ఇంకొకటి విప్పాడు. ఆదివారం వాళ్లావిడ చెల్లెలింటికి వెళ్లి తిరిగొచ్చేసరికి బాన పొంగుతోంది, గుడ్డలన్నీ సోడాలో ఉడుకుతున్నాయి. కారు భాగాలన్నీ నేల మీద శుభ్రంగా తుడిచి, పెద్దవి పెద్దవాటి పక్కన, చిన్నవి చిన్నవాటి పక్కన పేర్చి ఉన్నాయి. నట్లూ బోల్టులన్నీ ఒకే బకెట్లో తళతళలాడుతున్నాయి. తర్వాత గుడ్డల్ని ఆరేసి, ఇస్త్రీ చేసి, అంచులు కలిపి మడతపెట్టాడు. చూసుకుని మురిసిపోయాడు కూడా.

మెకానిక్కు ఊరి నుంచి వచ్చి షెడ్డు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"బావా. ఏం చేశావ్?"

"ఉతికాను."

మెకానిక్కు బకెట్టు ముందు చతికిలబడ్డాడు. చెయ్యి పెట్టి ఒక గుప్పెడు బోల్టులు తీసి మళ్లీ జారవిడిచాడు.

"ఇది ఇప్పటి బండి కాదు బావా, షాపుకెళ్లి తెచ్చుకోడానికి. ప్రతి ముక్కా ఆయన చేత్తో అరగదీసి దాని చోటుకి సరిపెట్టుకున్నాడు. ఈ తలుపు ముక్క ఆ తలుపుకి పట్టదు, చూడ్డానికి మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి. ఏ మూట ఎక్కడిదో ఆయనకేదో గుర్తుండే ఉంటుంది. గుడ్డల రంగులే గుర్తులేమో." తలెత్తి బావను చూశాడు. "నీ కొట్లో కాలర్లకు కట్టిన దారాలన్నీ ఎవడో వచ్చి తెంపేసి, బట్టలన్నీ ఒకే గుట్ట పోసి, 'శుభ్రం చేశాను' అంటే ఎలా ఉంటుంది నీకు?"

మరకలాయన తన మడతల దొంతర వంక చూసి తల దించుకున్నాడు. ఇస్త్రీ బల్ల దగ్గర వాళ్లావిడ పెట్టె నిలువుగా పెట్టింది. ఈసారి అది చూసి ఆయనకు మరీ భయమేసింది.

మాటిచ్చిన మనిషి. అందరికన్నా ముందు కూర్చోబెడతానన్నాడు. ఇప్పుడు కూర్చోబెట్టడానికి కారే లేదు, ఒక రేకు డొల్లా, ఒక బకెట్టు బోల్టులూ ఉన్నాయి. ఎవరి బట్ట వాళ్లకు చేర్చడమే బతుకైన మనిషి ఒక చనిపోయినాయన గుర్తులన్నీ స్వహస్తాలతో చెరిపేశాడు.

రెండు రోజులు ఆయన పెద్దావిడ వీధి వైపు వెళ్లలేదు. డెలివరీకి వెళ్లాల్సి వస్తే సందులోంచి చుట్టు తిరిగాడు. మూడోరోజు వాళ్లావిడే మడతపెట్టిన గుడ్డలన్నీ కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది.

"వెళ్లి చెప్పండి. దాస్తే తెలియకుండా పోతుందా?" అని, ఒక క్షణం ఆగి, "ఇంకోటి. మీరు ఉతికిన బట్టల్లో మరకలు మిగలడం నేనిదే చూడటం," అంది.

అవి తుప్పు మరకలు. సోడాకు పోవు. వాటి పని నిమ్మ ఉప్పుతో తర్వాత పడదామనుకుని, ఇస్త్రీ మురిపెంలో మరిచిపోయాడు. ఆ మాట పెద్దగా చెవికెక్కించుకోకుండానే బయల్దేరాడు.

పెద్దావిడ తన పొట్టి కుర్చీలో కూర్చుని ఉంది. మరకలాయన నిలబడే అంతా చెప్పాడు, కొంత నీళ్లు నమిలి, కొంత మింగి. ఆవిడ వింటూ కాగితం విప్పింది. విప్పి, పైనున్న గుడ్డను ఒళ్లోకి తీసుకుని, అలాగే ఉండిపోయింది.

"ఇది నా పూలగౌను."

"అవునా అమ్మా?"

"దండెం మీంచి మాయమైంది. పక్కింటావిడే తీసిందనుకున్నా. అప్పట్నుంచీ ఆవిడతో మాట్లాడ్డం మానేశా." ఇంకో గుడ్డ తీసింది. "ఇది ఆయన గళ్ల చొక్కా. ఇది అమ్మాయి చిన్నప్పటి నీలం గౌను. ఇవి అబ్బాయి నిక్కర్లు. ఇంట్లో ఎవరి బట్టలూ వదల్లేదన్నమాట." మళ్లీ పూలగౌను మీద చెయ్యి వేసింది. "ఆవిడకిప్పుడు ఏమని చెప్పను? ఎన్నేళ్లయిందో."

మరకలాయన గుడ్డలకేసి వంగాడు. కిటికీలోంచి వెలుగు పూలగౌను ముక్క మీద ఏటవాలుగా పడుతోంది. దాని మధ్యలో లేత గోధుమరంగు గీతతో, కొక్కెంలా వంగిన ఒక ఆకారం. అది ఏ ముక్కో ఆయనకు తెలుసు, ఉతికే ముందు స్వయంగా విప్పి తుడిచాడు. పక్క గుడ్డ చూశాడు. గుండ్రం. ఇంకోదాని మీద మూడు చుక్కలూ ఒక గాడీ.

తుప్పు అచ్చులు. ఏళ్ల తరబడి ఏ ముక్కను చుట్టిన గుడ్డ ఆ ముక్క బొమ్మను దాచుకుంది.

బతుకంతా మరకల్ని పోగొట్టిన మనిషి ఆ పూట మరకలు పోనందుకు గోడకు చేరబడ్డాడు. కుర్చీ లేదు మరి.

"ఏ గుడ్డ ఏ ముక్కదో దొరుకుతుంది పెద్దమ్మగారూ. కానీ ఏ గుడ్డ ఏ వైపుదో..."

"అదేముంది," అంది ఆవిడ. "ఆయన పద్ధతి నాకు తెలియదా? ఎవరు కూర్చుంటే వాళ్ల కొలత. పిల్లల బట్టలు వెనక తలుపులవి. ఆయన చొక్కాలు స్టీరింగు వైపువి. నా గౌను ఆయన పక్క సీటుది."

అంత సులువుగా తేలిపోయింది. మరకలాయన వెళ్లడానికి కదిలేవాడే, కానీ కుతి ఊరుకోలేదు.

"అడగొచ్చో లేదో. ఎందుకాపేశాడమ్మా ఆయన?"

ఈసారి చీపురు దగ్గర్లో లేదు.

"ఆపలేదు. ఒకసారి పూర్తి చేశాడు కూడా. తలుపు తీసి పట్టుకుని, నా వంక చూస్తూ నిలబడ్డాడు. ఎక్కు అనొచ్చుగా, అనడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ దాని చుట్టూ తిరిగి ఇప్పుడు నన్ను పిలుస్తాడా అని. 'నా సవతిలో నేను కాలు పెట్టను' అన్నా. ఆయన తలుపు మూసేశాడు. మర్నాడు చూస్తే మళ్లీ ఊడదీస్తున్నాడు. రంగు సరిగా రాలేదట." గుడ్డ మడత విప్పి మళ్లీ అదే మడత పెట్టింది. "అప్పట్నుంచి బిగించడం, విప్పడం. నేను పిలవమంటే పిలిచేవాడే. నేను అనలేదు. అందుకే బాబూ, ఆ షరతు."

మరకలాయన కిందికి జారిన గుడ్డ ఒకటి తీసి దొంతర మీద పెట్టాడు.

"కాలు పెట్టననడానికి నాకు వేరే కారణం కూడా ఉందిలే," అంది ఆవిడ, కొంచెం నవ్వుతూ. "బండంటేనే భయం పట్టుకుంది. పెళ్లికి ముందు నేను బేకరీ వ్యాను నడిపేదాన్ని, తెలుసా? పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు. ఒకరోజు వానలో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన ఒళ్లో ఎవరిదో కుర్చీ, తీసుకెళ్లి కాలవలో దింపా. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కుర్చీ కాలు విరిగింది. రొట్టెలన్నీ నీళ్లపాలు. మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు. ఆయన ఒక్క మాటన్లేదు. ఆ ఏడే ఈ సవతిని తెచ్చి షెడ్డులో పెట్టాడు."

మరకలాయన గుడ్డలు చంకన పెట్టుకుని ఇంటికి నడిచాడు. దారిలో ఆ చివరి మాట ఆయన్ని ఎక్కడో గీరుతూనే ఉంది, చొక్కా మెడలో మిగిలిపోయిన దారం ముక్కలాగా.

వానలు పట్టుకున్నాయి. వాళ్లావిడ అన్నంత పనీ చేసింది. కారు మీదుగా తాళ్లు కట్టి దుప్పట్లు ఆరేసింది. వాటి కింద బావా బావమరుదులు సాయంత్రాలు వంగుని పనిచేశారు. మరకలాయన గుడ్డ పరిచి అచ్చుకు ముక్కను ఆనించి, "ఇది అమ్మాయి గౌను, వెనక తలుపు" అంటే, మెకానిక్కు బిగించేవాడు. వెనక తలుపులు రెండూ అతికినట్టు కూర్చున్నాయి. ముందు తలుపుల దగ్గర పేచీ వచ్చింది.

"పట్టట్లేదు బావా. చొక్కాల ముక్కలు స్టీరింగు వైపు ఒక్కటీ కూర్చోట్లేదు."

"సరిగ్గా చూడు."

"ఎంత చూసినా ఇంతే. పెద్దాయన తారుమారు చేసుంటాడు. వయసైపోయింది కదా."

"కుర్చీలాయన కొలత తారుమారా?"

"ఇదిగో, ఇవి కూడా చూడు. పెడల్స్‌కి చెక్కముక్కలు బిగించాడు. క్లచ్చుకీ బ్రేకుకీ కూడా. కారుకి చెప్పులు తొడిగినట్టు. పీకేస్తా."

"ఆగు."

మరకలాయన పెడల్ తీసుకుని చెక్కముక్క వాసన చూశాడు. లక్క పాలిష్. తేనెరంగు. నున్నగా, అంచులు గుండ్రంగా, కుర్చీ చేతిని తీర్చినంత శ్రద్ధగా తీర్చి ఉంది. గుడ్డల్లో వెతికితే దాని అచ్చు పూలగౌను మీద దొరికింది. స్టీరింగు అచ్చు కూడా పూలగౌను మీదే.

మెకానిక్కు టీ తాగడానికి వెళ్లాక మరకలాయన స్టీరింగు వైపు సీటును చూశాడు. అది ఇంకా కారులో బిగించలేదు, షెడ్డు నేల మీద ఉంది. ఆవిడకన్నా ముందు కారులో కూర్చోనని మాటిచ్చాడు. కానీ సీటు కారులో లేదు కదా. ఆ న్యాయం తనకు తనే చెప్పుకుని, అటూ ఇటూ చూసి, మెల్లగా కూర్చున్నాడు.

మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి.

ఎక్కడో కూర్చున్నట్టుంది ఇలా. ఎక్కడో కాదు, ఆవిడ ముందు గదిలో, ఆవిడ కుర్చీలో. ఇంకా నమ్మకం కుదరక పెడల్స్ తెచ్చి ఎదురుగా పెట్టుకున్నాడు, స్టీరింగు చక్రం ఒళ్లో పెట్టుకుని తిప్పాడు, చెక్క చెప్పుల మీద కాళ్లు పెట్టి తొక్కి చూశాడు. ఆయన కాళ్లకు ఆ చెక్కలు మరీ దగ్గర. పొట్టి కాళ్లకైతే సరిగ్గా అందుతాయి.

అదే సమయానికి దుప్పటి పక్కకు జరిగింది. వాళ్లావిడా, ఆవిడ వెనక కోటు ఇవ్వడానికొచ్చిన బ్యాంకు మేనేజరూ కనిపించారు. కారు పక్కన నేల మీద కూర్చుని, గాల్లో చక్రం తిప్పుతూ, క్లచ్చు తొక్కుతున్న మరకలాయన్ని ఇద్దరూ కాసేపు చూశారు.

"ఎందాకా వెళ్లారు?" అంది వాళ్లావిడ.

బ్యాంకు మేనేజరు దగ్గాడు. కోటు కౌంటరు మీద పెట్టి తన దారిన తను వెళ్లిపోయాడు. మరకలాయన లేవబోయి లేవలేక, చెయ్యి అందించమని అడిగి, లేచాక మొత్తం చెప్పాడు. వాళ్లావిడ నవ్వుదామని వచ్చి నవ్వలేదు. పెడల్ చేతిలోకి తీసుకుని చెక్క అంచు వేలితో తడిమింది.

"చెప్పరా ఆవిడకి?"

"ఆయనే చెప్పలేదు. నేనెవర్ని చెప్పడానికి?" అన్నాడు. తర్వాత, "కానీ ఎవరి బట్ట వాళ్లకు చేర్చాలి కదా," అన్నాడు.

వాన తెరిపిచ్చిన ఒక ఉదయం పెద్దావిడ వచ్చింది, మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని. కారు షెడ్డులో తయారుగా ఉంది. మరకలాయన నాలుగు తలుపుల పిడులకూ నాలుగు గుడ్డపేలికలు కట్టాడు, కాలర్లకు దారాలు కట్టినట్టే. పేలికలు ఆవిడ చూడలేదు. తిన్నగా స్టీరింగు లేని వైపు వెళ్లి తలుపు తీసి ఎక్కింది.

ఎక్కింది కానీ కాళ్లు ఆనలేదు. సీటు లోతుగా ఉంది, వీపు వెనక బారెడు ఖాళీ. ఆవిడ అటు జరిగి ఇటు జరిగి, మరకలాయన మొహంలోకి చూసింది.

"ఇది నా కొలత కాదే."

"కాదమ్మా."

"ఆయన తప్పు చెయ్యడే."

"చెయ్యలేదు పెద్దమ్మగారూ. తలుపులు ఓసారి చూడండి."

ఆవిడ దిగింది. తను తీసిన తలుపు పిడికి గళ్ల చొక్కా పేలిక ఉంది. కారు ముందు నుంచి చుట్టూ తిరిగి అటువైపు వెళ్లింది. అక్కడ పూలగౌను పేలిక గాలికి ఆడుతోంది. దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడింది. దుప్పట్ల నుంచి నీటి చుక్కలు కారు పైకప్పు మీద టపటపా పడుతున్నాయి. మెకానిక్కు తన పానాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

తలుపు తీసి, కూర్చుంది. వీపు ఆనింది. కాళ్లు చెక్కముక్కల మీద, అక్కడే పుట్టినట్టు, ఆనాయి. చేతులు చక్రం మీదికి వాటంతట అవే వెళ్లాయి.

"నోరు తెరిచి చెప్పొచ్చుగా ఈ మనిషి," అంది చివరికి, ఎదురుగా అద్దంలోంచి చూస్తూ. "తలుపు తీసి పట్టుకున్నాడు ఆరోజు. ఏ తలుపో కూడా చూళ్లేదు నేను."

వాళ్లావిడ కళ్లు తుడుచుకుని, దుప్పటి మడత సర్దుతున్నట్టు అటు తిరిగింది.

"తాళం చెవి ఏది?"

మెకానిక్కు ఉలిక్కిపడ్డాడు. "పిన్నిగారూ, నడపడం అంటే, చాన్నాళ్లయింది కదా, నేను..."

"నేను వ్యాను నడిపేటప్పుడు నువ్వు పుట్టలేదు. తాళం చెవి ఇటు పెట్టు. నువ్వు," అని మరకలాయనకేసి గడ్డం ఎగరేసింది, "అటు ఎక్కు. అమ్మాయ్, నువ్వు వెనక కూర్చో."

కారు కొన్న ఆసామి తన కారులో పక్క సీటు ఎక్కాడు. కాళ్లు గాల్లో ఊగాయి. తాడిచెట్టంత మనిషి కూర్చుని భార్య నడుపుతుంటే చూద్దామనుకున్న సీటు అది. మరకలాయన వీలైనంత నిటారుగా కూర్చున్నాడు, ఖాళీ కొంచెం తక్కువ కనిపించాలని.

ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. రెండోసారి ఒక గెంతు గెంతి ఆగిపోయింది. ఆవిడ ఏదో గొణుక్కుని, చెక్క చెప్పును నిదానంగా వదిలింది. కారు కదిలింది. తాడు మీదున్న దుప్పటి ఒకటి పైకప్పుకు తగులుకుని, తెల్లటి గుడ్డ మీద నల్లటి చార పెట్టి, వెనక్కి జారిపోయింది. అది ఎవరి దుప్పటో మరకలాయనకు తెలుసు. అయినా తల తిప్పలేదు.

కాలవ గట్టు దగ్గర ఆవిడ చేతులు బిగుసుకున్నాయి, కారు నడకంత నెమ్మదైంది. గట్టు దాటాక ఊపిరి వదిలింది. మరకలాయన కూడా వదిలాడు. తన వీధిలోకి మలుపు తిప్పింది. తన ఇంటి ముందు ఆపుతుందనుకుంటే ఆపలేదు, పక్కింటి గేటు ముందు ఆపి, హారను గట్టిగా మోగించింది.

"ముందు ఈవిడతో మాట్లాడాలి," అంది. "గౌను సంగతి."

పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ. కారునూ, స్టీరింగు వెనక కూర్చున్న మనిషినీ చూసి అక్కడే ఆగిపోయింది. పెద్దావిడ తలుపు తీసి దిగింది. గేటుకు అటొకరు ఇటొకరు, ఎవరు ముందు మాట్లాడాలో తెలియక నిలబడ్డారు.

పక్కింటావిడ జాకెట్టు చేతి మీద ఊదారంగు మరక ఒకటుంది. పాతదే, కానీ మామూలుది కాదు. నేరేడు పండుదనుకుంటే అంచు ఆకుపచ్చగా ఉండదు. మరకలాయన కిటికీలోంచి మెడ బయటపెట్టి, నోరు తెరిచాడు.

"ఏమండీ," అంది వాళ్లావిడ వెనక సీట్లోంచి, చొక్కా కాలరు పట్టుకుని. "ఇవ్వాళ వద్దు."